పంతులమ్మ ఇచ్చిన ఇనాం

పోయిన నెల హైదరాబాదు నుంచి తాండూరుకు వస్తుంటే, రైలు వికారాబాదులో ఆగగానే కిటికీలోంచి సీతాఫలాల వాసన లోపలికి వచ్చింది. ప్లాట్‌ఫారం మీద గంపలు పెట్టుకుని కూర్చున్న ఆడవాళ్ళు "కండ్లు తెరిచిన కాయలమ్మా, రేపటికి పండుతయి" అని కేకలు వేస్తున్నారు. ఎవరికైనా ఆ వాసనకు నోరూరుతుంది. నాకు మాత్రం ముందు వీపు నిటారుగా అవుతుంది. చేతులు కట్టుకుని, మూతి బిగించి, మహా బుద్ధిమంతురాలిలా కూర్చుంటాను. ఎదుటి సీటులోని అమ్మాయి నన్ను చూసి, "ఏమైంది అమ్మమ్మా, నడుం పట్టేసిందా?" అని అడిగింది. నడుం పట్టలేదమ్మా, మా ఎస్తేరమ్మ పంతులమ్మ గుర్తొచ్చింది అన్నాను. ఆ అమ్మాయికి ఏం అర్థమవుతుంది? పంతులమ్మను చూడనివాళ్ళకు అర్థం కావాలంటే కాస్త వెనక్కి వెళ్ళి చెప్పాలి.

మాది తాండూరు దాటి యాలాల్ పోయే దారిలో ఒక చిన్న ఊరు. అప్పటికి నిజాం రాజ్యం పోయి కొన్నేళ్ళయింది. జాగీర్లు పోయాయి, ఎవరి భూమి ఎవరికి వస్తుందో, ఎవరిది ఎవరికి పోతుందో అని పెద్దవాళ్ళు చావడిలో కూర్చుని ఒకటే మాటలు. ఆ కొత్తలోనే మా ఊరికి బడి వచ్చింది. బడి అంటే పటేలు వాళ్ళ పాత జొన్నల కొట్టు. కింద నాపరాళ్ళు, పైన నాపరాళ్ళు. మా దిక్కు బండకు కరువు లేదు కదా. పలక లేని పిల్లలు నేల మీదే సుద్దతో రాసేవాళ్ళు, తడిగుడ్డతో తుడిస్తే మళ్ళీ కొత్త పలక. ఎండాకాలం ఆ బండలు ఎంత చల్లగా ఉండేవంటే, అక్షరాల కోసం వచ్చినవాళ్ళ కంటే నిద్ర కోసం వచ్చినవాళ్ళే ఎక్కువ. మొదట వచ్చిన పంతులు ఆ నిద్రకు మందుగా చింతబరిగె తెచ్చాడు. ఆయన చెప్పిన పాఠం ఒక్కటీ నాకు గుర్తు లేదు గానీ, బరిగె ఏ చేత్తో పట్టుకునేవాడో మాత్రం గుర్తుంది.

ఆయన బదిలీ అయి వెళ్ళాక ఎస్తేరమ్మ వచ్చింది. మా ఊళ్ళో 'గారు' అనే అలవాటు లేదు. అందుకే ఆమెను ఇప్పటికీ చనువుగా ఏకవచనంలోనే తలుచుకుంటాను. పొట్టి మనిషి, గొంతు మాత్రం పెద్దది. వానాకాలం, ఎండాకాలం తేడా లేకుండా చంకలో నల్ల గొడుగు. తల్లిదండ్రులు మర్పల్లి దిక్కు కూలి చేసుకునే క్రైస్తవులు. వికారాబాదులో హాస్టల్లో ఉండి చదువుకుంది. అప్పటి చదువు ఉర్దూలో కాబట్టి ఆమె లెక్కలు ఉర్దూలో చేసేది, ప్రార్థన తెలుగులో చేసేది, కోపం వస్తే మర్పల్లి యాసలో పడేది. వచ్చిన రోజే మూలనున్న బరిగె తీసి, "గిది ఎవరిది?" అని అడిగింది. "మాదే పంతులమ్మా, మమ్మల్ని కొట్టేది" అన్నాం. ఆమె దాన్ని గోడ పక్కన నేలలో గుచ్చి, దాని మొదలు దగ్గర రెండు చిక్కుడు గింజలు పెట్టింది. చలికాలానికి తీగ పాకి కాయలు కాసింది. మమ్మల్ని ఏడిపించిన బరిగె మాకు కూర పెడుతుందని ఎవరనుకున్నారు!

ఇక నా సంగతి. నా పేరు మల్లవ్వ. కురుమవాళ్ళ పిల్లను, గొర్రెల మందలో పెరిగాను. నోటి కంటే చెయ్యి ముందు లేచేది. పటేలు బిడ్డ శాంతకూ నాకూ ఒక్క క్షణం పడేది కాదు. ఒకరోజు బడి ముందే ఆమె జుట్టు నా చేతిలో, నా జుట్టు ఆమె చేతిలో. మా గొడవకు బెదిరి పక్కనున్న చిన్నపిల్ల ఒకతె ఏడుపు అందుకుంది. నేను శాంతను వదిలేసి, ఆ పిల్ల కళ్ళూ ముక్కూ తుడిచి, మళ్ళీ శాంత జుట్టు పట్టుకోబోతున్నాను. వెనక పంతులమ్మ నిలబడి ఉంది. అలవాటు ప్రకారం దెబ్బ కోసం అరచెయ్యి చాపాను.

"మల్లవ్వా, నువ్వు శాంత జుట్టు గుంజింది చూసిన. చిన్నదాని ముక్కు తుడిచింది గూడ చూసిన" అంది పంతులమ్మ. "మొదటి ముచ్చట మీరిద్దరే తెంపుకోండ్రి. రెండోదానికి ఇయ్యాల గంట నువ్వు కొట్టాలె."

మా గంట దూలానికి వేలాడదీసిన రైలుపట్టా ముక్క. దాన్ని సుత్తితో కొడితే ఊరంతా వినపడేది. అంతవరకు అది కొట్టే హక్కు పంతులుకు తప్ప ఎవరికీ లేదు. నేను ఎంత గట్టిగా కొట్టానంటే చేలల్లో కలుపు తీసేవాళ్ళు నడుం ఎత్తి చూశారట. ఆ సాయంత్రం శాంత ముఖం చూడాలి మీరు! ఆ రోజు నుంచి బడిలో చిన్నపిల్లల ముక్కులకు కొరత వచ్చింది. ఎవరి ముక్కు కారుతుందా అని తుడవడానికి పెద్దపిల్లలం కాచుకుని కూర్చునేవాళ్ళం.

పంతులమ్మ శనివారం మధ్యాహ్నం బడి అయ్యాక తాండూరులో రైలెక్కి వికారాబాదులో ఉన్న తల్లి దగ్గరకు పోయేది. సోమవారం వచ్చేటప్పుడు సంచిలో మాకేదో ఒకటి ఉండేది. బలపాలో, రిబ్బన్లో, సీతాఫలాల కాలమైతే సీతాఫలాలో. సంచిలోంచి ఆ పండ్ల వాసన వస్తే చాలు, అందరం చేతులు కట్టుకుని నిటారుగా కూర్చునేవాళ్ళం. వాటికి పుస్తకంలో ఉన్న పేరు 'బహుమతి'. "బహుమతంటే ఏంది పంతులమ్మా?" అని అడిగాం. ఆమె చదివిన ఉర్దూలో దాని పేరు ఏదో అదే చెప్పింది. "ఇనాం." అప్పటినుంచి మా బడిలో మంచి పనికి ఇనాం. ఇంకో మాట చెప్పాలి. తినేది ఏదైనా తెస్తే ఆమె ఎప్పుడూ తొక్క ఉన్న పండే తెచ్చేది. ఆమె చేతి అన్నం తినొద్దని కొన్ని ఇళ్ళల్లో పిల్లలకు గట్టిగా చెప్పి పంపేవాళ్ళు. తొక్క తీయని పండుకు మాత్రం ఎవరి తల్లీ అడ్డు చెప్పేది కాదు. ఈ సంగతి నాకు పెద్దయ్యాక తట్టింది. తట్టిన రోజు చాలాసేపు కోపంగానే ఉన్నాను. ఆమె మాత్రం నవ్వుతూనే పంచింది.

ఇనాం రుచి తెలిశాక మా తెలివి పెరిగింది. అందరికంటే సాయిలు తెలివి పెరిగింది. వాడు పక్కవాడి బలపం మెల్లగా తీసి దాచి, వాడు ఏడ్చాక "నాకు దొరికింది పంతులమ్మా" అని తెచ్చి ఇచ్చేవాడు. నిజాయితీకి ఇనాం! రెండుసార్లు నడిచింది. మూడోసారి అందరి బలపాలూ ఒకేరోజు పోయాయి, అన్నీ సాయిలుకే దొరికాయి. పంతులమ్మ కళ్ళలో నీళ్ళు వచ్చేదాకా నవ్వింది. వాణ్ణి ఒక్క మాట అనలేదు. మరునాడు పొద్దున్నే కొత్త కట్టడి చెప్పింది.

"ఇగ నుంచి నాకు చూపెట్టుడు బంద్. శనివారం నాడు లేసి, వేరేవాళ్ళు చేసిన మంచి పని చెప్పాలె. ఎవ్వలది వాళ్ళు చెప్పుకునేది లేదు. చెప్పినోళ్ళకు ఏం రాదు, చేసినోళ్ళకే ఇనాం."

మొదటి శనివారం బడి మొత్తం మూగబోయింది. చెడు చెప్పమంటే పొద్దుగూకేదాకా చెప్పేవాళ్ళం. మంచి ఎవరు చూశారు? చివరికి ఒక చిన్నవాడు లేచి, "సాయిలు ఇయ్యాల ఎవ్వలియ్యి దాయలే" అన్నాడు. సాయిలుకే ఇనాం! తరువాత తరువాత మా కళ్ళు మెల్లగా అలవాటు పడ్డాయి. శనివారం చెప్పడానికి ఏదో ఒకటి కావాలి కాబట్టి వారమంతా ఒకరినొకరం చూసుకుంటూ తిరిగేవాళ్ళం.

ఇక మా నాయిన. పేరు బీరప్ప. మాకు గొర్రెలున్నాయి గానీ భూమి లేదు. భూమి అనే మాట వస్తే చాలు, ఆయన గొంతు తగ్గిపోయేది. దీపావళి దాటాక మందను తోలుకుని కన్నడ సీమ వైపు పోయేవాడు. ఆ ఏడు గొర్రెపిల్లల్ని కాయడానికి నన్ను వెంట తీసుకుపోతానని మా అవ్వతో, అంటే అమ్మతో అన్నాడు. అంటే నా బడి అక్కడితో సరి. అప్పటికి నాకు అక్షరాలు కూడి మాటలయ్యే దశ. గోడ మీద, సంచి మీద ఏది కనబడినా చదివేస్తున్నాను. మందకు పోవాలంటే ఏడుపొచ్చేది, ఏడిస్తే నాయిన ముఖం చిన్నబోయేది. ఏం చెయ్యాలో తెలియక తిరుగుతున్న రోజుల్లోనే, శనివారం ఎవరో నా పేరు చెప్పారు. పంతులమ్మ నాకు రిబ్బను తెస్తానంది. ఎగురుకుంటూ ఇంటికి పోయాను.

"నాయినా, నాకు ఇనాం వచ్చింది!"

తాడు పేనుతున్న నాయిన చెయ్యి ఆగిపోయింది. "ఏమొచ్చింది బిడ్డా?"

"ఇనాం. పంతులమ్మ ఇస్తనన్నది."

"ఏడ ఉన్నది?"

"వికారాబాదుల ఉన్నది. పోయి తెస్తదట."

వికారాబాదు అంటే నాయినకు పెద్ద సర్కారు కచేరీ. కాగితాలు తయారయ్యేది అక్కడే. "ఎసుంటిది బిడ్డా?" అని గొంతు తగ్గించి అడిగాడు.

"మస్తుగుంటదట. ఎర్రది."

నాయిన మళ్ళీ తాడు పేనడం మొదలుపెట్టాడు. "ఎర్రదైతేంది, ఆముదాలకు మంచిగుంటది" అన్నాడు.

నాకూ నిజమే అనిపించింది. ఆముదం తలకు రాసుకుంటాం, రిబ్బను జడకు కట్టుకుంటాం, రెండూ ఒకచోటే కదా! ఇద్దరం ఎవరి సంతోషంలో వాళ్ళం ఉన్నాం. మా ఊళ్ళో ఇనాం అంటే ఒకటే అర్థమని, అది సర్కారు ఊరికే ఇచ్చే భూమి అని, ఆ వయసులో నాకేం తెలుసు? నాయిన ఆ రోజే అవ్వతో చెప్పాడు. "మల్లి బడి ఇడిచేది లేదు. గొర్రెపిల్లల్ని నేనే చూసుకుంట."

ఆ వారం ముసురు పట్టి పంతులమ్మ వికారాబాదు పోలేదు. మరుసటి వారమూ పోలేదు. నేను రిబ్బను రాలేదని అలిగితే నాయిన నన్ను ఓదార్చాడు. "కచేరీ పని బిడ్డా, జర ఆలస్యమైతది. ఫికర్ జెయ్యకు." అన్ని రోజులు ఆయన అంత హుషారుగా ఉండటం నేను మళ్ళీ చూడలేదు. కులపోళ్ళందరికీ చెప్పుకున్నాడు. చివరికి దీపావళి దాటాక ఆగలేక చావడికి పోయి పట్వారీని అడిగాడు, తన బిడ్డకు ఇచ్చిన ఇనాం ఏ సర్వే నంబరులో ఉందని.

పట్వారీకి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక పొట్ట పట్టుకుని నవ్వాడు. "బడిపిల్లలకు ఇచ్చే ఇనాం పిప్పరమెంటురా బీరప్పా! నోట్లె ఏసుకుంటె కరిగిపోతది!" చావడి అంతా విరగబడి నవ్వింది. ఆ సాయంత్రానికి ఊళ్ళో ఆయన పేరు 'ఇనాందారు' అయిపోయింది. "ఇనాందారు వస్తున్నడు, తొవ్వ ఇడువుండ్రి" అని కల్లు దుకాణం దగ్గర, బావి దగ్గర. బడిలో శాంత ఊరుకుంటుందా? "ఇనాందారు బిడ్డ వచ్చింది, జరుగుండ్రే" అంది. ఆ రోజు మాత్రం ఆమె జుట్టు పట్టుకునే ఓపిక కూడా నాకు లేకపోయింది. నాయిన నన్ను ఒక్క మాట అనలేదు. అన్నం తింటూ తల ఎత్తకుండా, "ఆదివారం మంద కదులుతది. మల్లి గూడ వస్తది" అని అవ్వతో అన్నాడు.

శనివారం పొద్దున బడి గుమ్మంలో భుజాన గొంగడితో నాయిన నిలబడ్డాడు. పిల్లలు కిసకిస నవ్వబోయి పంతులమ్మ ముఖం చూసి ఆగిపోయారు.

"కూసో బీరప్పన్నా."

"కూసునేది లేదు పంతులమ్మా. రేపు మంద కదులుతది. బిడ్డను తోలుకపోత."

పంతులమ్మకు అప్పటికే అంతా తెలిసింది. "తప్పు నాది. ఇనాం అనే మాట నా నోట్లెకెళ్ళే వచ్చింది. బుక్కుల ఉన్నట్టు బహుమతి అన్నా అయిపోవు" అంది. ఆమె గొంతు అంత చిన్నగా వినడం అదే మొదటిసారి.

"నీ తప్పేం లేదమ్మా. నాకు కావల్సిందే నాకు ఇనబడ్డది."

"శనివారం ముచ్చట్లు అయిపోనీ. జరసేపు ఆగి తోలుకపో" అంది ఆమె. నాయిన గుమ్మం దగ్గరే గొంతుకూర్చున్నాడు. నేను పలక సర్దుకుని ఒళ్ళో పెట్టుకున్నాను. ఎవరు ఏం మంచి చెప్పారో నా చెవికి ఎక్కలేదు. ఆఖరుకు పంతులమ్మ "ఇంకెవ్వలన్న ఉన్నరా?" అని అడిగింది. శాంత లేచి నిలబడింది. ఇంకా ఏం అంటుందో!

"పెద్దోళ్ళది చెప్పొచ్చా పంతులమ్మా?" అంది శాంత.

"వద్దని నేను అనలే గద. చెప్పు."

"మొన్న ముసుర్ల నేనూ మా తమ్ముడూ కాయల కోసమని వాగు అవతలికి పోయినం. మర్లి వచ్చేసరికి వాగు నిండింది. ఏడ్వబట్టినం. బీరప్ప చూసిండు. మందను ఆడనే ఇడిచిపెట్టి, తమ్ముని మెడ మీద ఎక్కించుకొని, నన్ను సంకన ఎత్తుకొని దాటిచ్చిండు. ఇంట్ల చెప్పకుండ్రి, దెబ్బలు తింటరన్నడు. ఆయన గూడ ఎవ్వలకు చెప్పలే."

బడి అంతా గుమ్మం వైపు తిరిగింది. నాయిన తల వంచుకుని గొంగడి అంచు పీకుతున్నాడు. ఆ సంగతి ఇంట్లో మాకే తెలియదు.

"మరి ఇన్ని దినాలు చెప్పకపోతివి?" అని పంతులమ్మ అడిగింది.

"చెప్తె అవ్వ కొడ్తది."

"ఇప్పుడు గూడ కొడ్తది గద?"

శాంత నా వైపు చూడలేదు. "మల్లవ్వ పోతదట గద" అని కూర్చుంది.

పంతులమ్మ సంచిలోంచి, ఆ వారం తాండూరు సంతలో కొన్నవాటిలో మిగిలిన ఒకే ఒక్క సీతాఫలం తీసింది. రెండు చేతులతో పట్టుకుని గుమ్మం దగ్గరకు పోయి నాయిన ముందు నిలబడింది. నాయిన కంగారుగా లేచి తలపాగా విప్పి చాపాడు. పండు అందులో పెట్టింది.

"గిదేనా ఇనాం?" అన్నాడు నాయిన.

"గిదే బీరప్పన్నా."

పండును అటూ ఇటూ తిప్పి చూశాడు. తరువాత నవ్వాడు. చావడి అంతా నవ్వినప్పుడు నవ్వలేనివాడు, అక్కడ మా అందరి ముందు పళ్ళు కనబడేలా నవ్వాడు. పండు చీల్చి సగం శాంత చేతిలో పెట్టాడు. "మస్తు తియ్యగున్నది" అని గింజలు ఊస్తూ, "మల్ల శనివారం గూడ ఇస్తరా?" అని అడిగాడు. పిల్లలమంతా గొల్లుమన్నాం. ఈసారి ఆ నవ్వుకు ఆయన చిన్నబుచ్చుకోలేదు. నేను పలక పట్టుకుని లేచాను. ఆయన నా నెత్తి మీద చెయ్యి పెట్టి కూర్చోబెట్టాడు.

"నువ్వు ఉండు బిడ్డా. నేను పోయొస్త."

ఎందుకు మనసు మార్చుకున్నావని అవ్వ అడిగితే ఆయన చెప్పిన మాట అవ్వ తరువాత నాకు చెప్పింది. "చావడిల నన్ను చూసి నవ్విండ్రు. బడిల నన్ను చూసిండ్రు. బిడ్డ ఆడనే ఉండనీ."

ఇనాందారు అనే పేరు ఆయనను వదల్లేదు. ఆయనా దాన్ని వదల్లేదు. ఎవరైనా ఎగతాళిగా పిలిస్తే, "ఆఁ, చెప్పు" అని దర్జాగా పలికేవాడు. ఎర్ర రిబ్బను కూడా ఆలస్యంగానైనా వచ్చింది. శాంతకు మాత్రం ఆ శనివారం ఇంట్లో గట్టిగానే పడ్డాయి. సోమవారం వచ్చి వీపు చూపించి, "అంత నీ వల్లనే" అంది. "నిన్నెవలు చెప్పమన్నరే?" అన్నాను. పావుగంటలో మళ్ళీ జుట్లు పట్టుకున్నాం. మా ఇద్దరికీ స్నేహం కుదిరిందని రాస్తే బాగుండేది గానీ, అబద్ధం రాయలేను.

నేను చదివి, శిక్షణ పూర్తిచేసి, తాండూరులో పంతులమ్మనయ్యాను. ఉద్యోగం కాగితం రాగానే వికారాబాదు పోయి ఎస్తేరమ్మను కలిశాను. తల అక్కడక్కడ నెరిసింది, గొడుగు మాత్రం కొత్తది. చాయ్ తాగుతూ ఎన్నాళ్ళుగానో అడగాలనుకున్న మాట అడిగాను. "పంతులమ్మా, ఆ రోజు శాంత లెవ్వకపోతే ఏం జేసేదానివి?"

"నాకేం తెలుసు మల్లవ్వా! లోపల వణుకుతనే ఉన్న" అంది. "మీ నాయిన కాళ్ళు పట్టుకునేదాన్నేమో. నేను బతిమాలితే మాత్రం ఆగేటోడు కాదు. మంచోనివి బీరప్పా అని నేను చెప్తే, పంతులమ్మ జాలిపడుతుందనుకొని పోయేటోడు. గా పోరి తన్నులకు సిద్ధమై చెప్పింది గాబట్టి ఆగిండు." "ఇనాం పండుల లేదు పిల్లా" అని, నా కప్పులో ఇంకా కొంచెం చాయ్ పోసింది.

నేను బడిలో ఉన్నన్నాళ్ళు పిల్లలకు ఇనాములు ఇస్తూనే వచ్చాను, ఆమె పద్ధతిలోనే. ఆ పద్ధతి బడి వదిలాక కూడా నన్ను వదల్లేదు. నా కోపం ఎక్కడికీ పోలేదు, మా కోడలిని అడిగితే చెబుతుంది. కానీ ఎవరి మీదనైనా ఒళ్ళు మండినప్పుడల్లా శాంత లేచి నిలబడటం కళ్ళ ముందుకు వస్తుంది. నన్ను ఇనాందారు బిడ్డ అని ఏడిపించిన ఆ పిల్లే, మా నాయిన మంచితనాన్ని నాకంటే ముందు చూసి, మనసులో దాచుకుని, నా కోసం బయటపెట్టి దెబ్బలు తింది. ఇప్పుడు నా ముందు నిలబడి నాతో కీచులాడుతున్న ఈ మనిషి లోపల నావాళ్ళ గురించి ఏం మంచి దాచుకుందో అనుకుంటాను. అలా అనుకుంటే కోపం సగం పోతుంది. మొత్తం పోదు. నాబోటి దానికి సగం పోవడమే మహా గొప్ప.